కొత్త కారు డెలివరీ రోజు ఫొటోల కంటే ముందు ఒక గంట

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరులో ఢిల్లీ నిర్మాణ్ విహార్‌లోని ఒక షోరూమ్ మొదటి అంతస్తు నుంచి కొత్త కారు అద్దం బద్దలు కొట్టుకుని రోడ్డు మీద పడిన వార్త పాఠకులకు గుర్తుండే ఉంటుంది. చక్రం కింద పెట్టిన నిమ్మకాయను తొక్కించబోతూ యాక్సిలరేటర్ ఎక్కువ నొక్కడంతో అలా జరిగింది. ఆ వీడియో చూసి నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. అది నవ్వాల్సిన విషయం కాదు. మన దగ్గర కొత్త బండి చేతికిచ్చే పద్ధతే అలా ఉంది. పూజ, దండ, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి, కేకు, ఫొటోలు అన్నీ అయ్యాక మిగిలిన పావుగంటలో బండి గురించి చెబుతారు. అదీ సేల్స్ ఎగ్జిక్యూటివ్ డ్రైవర్ సీట్లో కూర్చుని గబగబా బటన్లు నొక్కుతుంటే, కొన్నవారు కిటికీలోంచి తొంగిచూస్తూ తల ఊపుతారు. ఫోన్ బ్లూటూత్‌కి కలపడం, సన్‌రూఫ్ తెరవడం దగ్గరే ఆ పావుగంటా అయిపోతుంది.

మేం విజయవాడ ఆటోనగర్‌లో కార్లు బాగుచేసే మెకానిక్‌లం. కొత్త కార్లకు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి బండిలో లోపమేమీ ఉండదు, వాడకం ఎవరూ చేయించి చూపకపోవడమే కారణం. అందుకే కార్లు కొనేవారికి మా మనవి ఒక్కటే. డెలివరీ రోజు డ్రైవర్ సీట్లో మీరు కూర్చోండి, చెప్పేవారిని పక్క సీట్లో కూర్చోబెట్టండి. ప్రతి పనీ మీ చేత్తో చేసి చూడండి. దానికి కనీసం గంట పడుతుందని ముందే ఫోన్ చేసి చెప్పండి. వీలైతే ఆదివారం, మంచి ముహూర్తం ఉన్న రోజు కాకుండా రద్దీ లేని రోజు పెట్టుకోండి. ముహూర్తమే ముఖ్యమనుకుంటే నేర్చుకోవడానికి మర్నాడు విడిగా వెళ్లండి.

ముందుగా నిమ్మకాయ సంగతి. దిష్టి తీయడం తప్పనిసరి అనుకునేవారు కిందనే, బయట చదును నేల మీద, బండికి ముందూ వెనుకా మనుషులు లేకుండా చూసుకుని చేయాలి. ఆటోమేటిక్ కారైతే బ్రేకు నొక్కి ‘డీ’లో (ముందుకు నడిపే గేరులో) పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, బ్రేకు మీద నుంచి కాలు నెమ్మదిగా సడలిస్తే చాలు, చాలా బండ్లు వాటంతట అవే ముందుకు పాకుతాయి. నిమ్మకాయ నలగడానికి ఆ కదలిక సరిపోతుంది. యాక్సిలరేటర్ జోలికే పోనక్కర్లేదు. కొన్ని ఎలక్ట్రిక్ కార్లు అలా పాకవు కాబట్టి మీ బండి ఏ రకమో ముందే అడగండి. ఇన్నేళ్లూ క్లచ్ కారు నడిపి ఆటోమేటిక్‌కి మారినవారి ఎడమకాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతుక్కుని బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది. బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ కుడికాలు ఒక్కటే వాడాలి, ఎడమకాలు పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి. షోరూమ్ వెనుక ఖాళీ స్థలంలో ‘పీ’ (పార్కింగ్) నుంచి ‘ఆర్’ (రివర్స్), ‘ఆర్’ నుంచి ‘డీ’ ఒక పదిసార్లు మార్చి చూడండి. ప్రతిసారీ బండి పూర్తిగా ఆగాకే, బ్రేకు నొక్కి ఉంచే మార్చాలి.

ఆటోమేటిక్ అన్న పేరు ఒకటే అయినా లోపల రకాలు వేరు. ఏఎంటీ, డీసీటీ అనే రకాల గేర్‌బాక్సుల్లో క్లచ్ ప్లేట్లు ఉంటాయి, పెడల్ మాత్రం ఉండదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో నిలబెడితే ఆ క్లచ్ అరుగుతూ వేడెక్కుతుంది. కాలిన వాసన వచ్చేది అందుకే. బ్రేకుతో ఆపాలి, ఆటో హోల్డ్ (బ్రేకు మీద కాలు తీసినా బండిని కదలనీయని ఏర్పాటు) ఉంటే అది వాడాలి. తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం ప్రమాదకరం. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, వేడెక్కిన బ్రేకులు పట్టవు. మాన్యువల్ మోడ్‌లో గానీ, ‘ఎల్’లో గానీ తక్కువ గేరులోనే దిగాలి. మీ గేర్ లివరులో అది ఎక్కడుందో షోరూమ్‌లోనే వేసి చూడండి.

స్టార్ట్ బటన్ ఉన్న కార్లలో తాళం రిమోట్‌లోని చిన్న బ్యాటరీ, చాలావాటిలో సీఆర్2032, ఎప్పుడో ఒకరోజు అయిపోతుంది. రిమోట్ లోపల దాగి ఉన్న చిన్న తాళంచెవిని బయటికి తీయడం, తలుపు హ్యాండిల్ దగ్గర మూత కింద దాక్కున్న తాళం రంధ్రంలో పెట్టి తెరవడం, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కి ఆనించి ఇంజిన్ ఆన్ చేయడం, ఈ మూడూ అక్కడే చేయాలి. రిమోట్ పెట్టే చోటు కొన్ని కార్లలో వేరేగా, కప్పు పెట్టే గూట్లోనో ఆర్మ్‌రెస్ట్ కిందో ఉంటుంది. నడుస్తుండగా ఇంజిన్ ఆపాల్సిన అత్యవసరం వస్తే చాలా కార్లలో ఆ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మీ కారులో ఎలాగో అడిగి తెలుసుకోండి. దీన్ని రోడ్డు మీద ప్రయత్నించకండి.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయించండి. మీటరులోని హెచ్చరిక దీపాలు చాలావరకూ ఒక్కసారి వెలుగుతాయి. వాటిని ఫొటో తీసుకుని ఒక్కొక్కటీ ఏమిటో అడగండి. ఎరుపు అంటే ఆపమని, పసుపు అంటే త్వరగా చూపించమని. ఎర్రటి నూనె డబ్బా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆయిల్ ప్రెషర్ లేకుండా ఒకటి రెండు నిమిషాలు నడిచినా బేరింగులు పోతాయి. ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా’ అనుకుంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సి రావచ్చు. ఉష్ణోగ్రత దీపం ఎర్రగా వెలిగితే ఏసీ ఆపి, బండి నిలిపి, చల్లబడేవరకూ రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. తెరిస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. ఎర్రటి బ్యాటరీ గుర్తు వస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) బ్యాటరీని ఛార్జ్ చేయడం లేదని అర్థం. దాన్ని తిప్పే బెల్టే తెగి ఉంటే, కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపు కూడా ఆగిపోతుంది కాబట్టి ఉష్ణోగ్రత మీద ఓ కన్నేయాలి. చెక్ ఇంజిన్ దీపం నిలకడగా ఉంటే నెమ్మదిగా వర్క్‌షాపుకి తీసుకెళ్లొచ్చు. అదే మిణుకుమిణుకుమంటుంటే ఇంజిన్ మిస్ అవుతోంది. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి వెళ్లి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, దాని ధర చిన్నది కాదు.

80 దాటగానే బండి టింగుమంటోంది, రిపేరు చేయండి అంటూ వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అది రిపేరు కాదు. 2019 జులై 1 నుంచి కార్లలో తప్పనిసరి చేసిన వేగ హెచ్చరిక. గంటకు 80 దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఆ శబ్దం ఆపేయమని వైర్లు కత్తిరించే చోటుకి బండిని తీసుకెళ్లకండి.

బానెట్ కూడా మీరే తెరవాలి. లోపల లివరు లాగాక ముందు అంచు కింద చెయ్యి పెట్టి రెండో కొక్కెం తప్పించాలి, కొత్తవారు ఆగిపోయేది అక్కడే. ఇంజిన్ ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ చూడాలంటే బండి చదునుగా ఉండాలి, ఇంజిన్ ఆపి అయిదు నిమిషాలు గడవాలి. ఒకసారి తీసి తుడిచి, మళ్లీ ముంచి తీస్తేనే సరైన మట్టం తెలుస్తుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. నిండుగా ఉంటే మంచిదని పై గీత దాటించి పోస్తే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగకు ప్రెషర్ ఉండదు. కూలెంట్ డబ్బాలో బోరు నీళ్లు పోయకూడదు, ఉప్పు పేరుకుపోతుంది. రంగు చూసి కూలెంట్ కొనడం కూడా తప్పే. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు అమ్ముతారు, మాన్యువల్‌లో రాసిన రకమే వాడాలి. బ్రేక్ ఆయిల్ కొద్దిగా దిగితే ఇంట్లోనే పోసి వదిలేయకండి. ప్యాడ్లు అరిగినా దిగుతుంది, ఎక్కడైనా కారినా దిగుతుంది. ఏది కారణమో చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ సేపు గడపాల్సింది స్టెప్నీ దగ్గర. అసలు మీ బండికి స్టెప్నీ ఉందా అన్నది మొదటి ప్రశ్న. 2020లో సవరించిన నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉంటే కంపెనీలు స్టెప్నీ ఇవ్వకపోయినా చెల్లుతుంది. కిట్ ఉంటే కంప్రెసర్‌ను ఒకసారి తగిలించి చూడండి. అందులోని ద్రవం మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రాన్నే మూస్తుంది, టైరు పక్క గోడ చీలితే పనికిరాదు. స్టెప్నీ సన్నగా ఉంటే దాని మీద 80 అని వేగ పరిమితి రాసి ఉంటుంది. దానితో పంక్చర్ షాపు వరకే వెళ్లాలి, హైదరాబాద్ దాకా కాదు.

ఇక మార్చే క్రమం. చదును నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదురు మూలలో ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక చుట్టు వదులు చేయాలి. పైకి లేపాక వదులు చేయబోతే చక్రం తిరుగుతుంది, జాకీ మీద నుంచి బండి జారుతుంది. జాకీ పెట్టే చోటు తలుపు కింది అంచులో, చక్రానికి దగ్గరగా, రెండు గాట్లతో గుర్తు పెట్టి ఉంటుంది. చీకట్లో చేత్తో తడిమి పోల్చుకునేలా ఆ గాట్లను పగలే ముట్టుకుని చూడండి. వేరేచోట పెడితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది. ఎలక్ట్రిక్ కారైతే అడుగున ఉన్న బ్యాటరీకే దెబ్బ. కొత్త చక్రం ఎక్కించాక నట్లను చేత్తో తిప్పి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ, బండి కిందికి దించాకే గట్టిగా బిగించాలి. పానా మీదికి ఎక్కి తొక్కకూడదు, నట్టు ఎక్కే స్టడ్ సాగిపోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూడాలి. పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగిస్తే, ఇంట్లో ఉన్న పానాతో ఆ నట్లు ఊడతాయో లేదో అక్కడే చూసుకోండి. అల్లాయ్ చక్రాలకు తాళం నట్టు ఉంటే దాని అడాప్టర్ డిక్కీలోనే ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు. ఆగిపోయిన బండిని లాగడానికి బంపరుకు బిగించే టోయింగ్ కొక్కెం ఎక్కడుందో, అది బిగించే చోటు మీది చిన్న మూత ఎలా ఊడుతుందో కూడా అదే సమయంలో చూడండి.

గాలి ఎంత కొట్టాలన్నది టైరు మీద రాసి ఉండదు. టైరు మీద ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి. మీ కారుకు కావాల్సిన లెక్క డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీది స్టిక్కరులో ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే ఒక అంకె, అయిదుగురు సామానుతో వెళ్తే మరో అంకె. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. మన ఎండల్లో వంద కిలోమీటర్లు నడిచి వచ్చిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, ఆ ఎక్కువను తీసేయిస్తే మర్నాటి ఉదయానికి గాలి తక్కువవుతుంది. కొన్ని కార్లలో హెచ్చరిక వ్యవస్థ చక్రం తిరిగే వేగాన్ని బట్టి గాలిని అంచనా వేస్తుంది. వాటిలో గాలి సరిచేసిన ప్రతిసారీ మెనూలోకి వెళ్లి రీసెట్ చేయాలి.

మొదటి 1,000 కిలోమీటర్లు ఒకే వేగంతో హైవే మీద పరుగెత్తించకండి, యాక్సిలరేటర్ నొక్కి పట్టి ఇంజిన్‌ను గర్జించనీయకండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడతో సర్దుకునే సమయమది, వేగం మారుతూ ఉండాలి. బ్రేకు ప్యాడ్లు కూడా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలోనే కుదురుకుంటాయి. ఉచిత సర్వీసు అంటే ఉచితమయ్యేది కూలి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చితే వాటి డబ్బు కట్టాలి. మారుతి కార్లకు 1,000 కిలోమీటర్లు లేదా నెల, 5,000 లేదా ఆరు నెలలు, 10,000 లేదా ఏడాది అని ఉంటుంది. ఏది ముందు వస్తే అది లెక్క. బండి తిరగలేదు కదా అని నెలలు దాటనిస్తే ఆ ఉచిత సర్వీసు పోతుంది, రేపు వారంటీ అడిగినప్పుడు మొదట చూసేది ఈ సర్వీసు చరిత్రనే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లు కొనేవారు డీపీఎఫ్ గురించి తప్పక అడగాలి. పొగలోని మసిని పట్టే జల్లెడ అది. ఆ మసి కాలిపోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ వేడి రాదు, మసి పేరుకుంటుంది. డీపీఎఫ్ దీపం వెలిగిన రోజే 15–20 నిమిషాలు హైవే మీద 60కి పైగా ఆపకుండా నడిపితే చాలావరకు ఆరిపోతుంది. వారాల తరబడి పట్టించుకోకపోతే వర్క్‌షాపులో మెషిన్ పెట్టాలి, అప్పటికీ కాకపోతే ఫిల్టరే మార్చాలి. మీ తిరుగుడు ఊళ్లోనే అయితే కొనకముందే పెట్రోలు బండి ఆలోచించండి. కొన్ని డీజిల్ కార్లకు డీఈఎఫ్ (పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం) కూడా పోయాలి, దాని మూత చాలావాటిలో నీలం రంగులో ఉంటుంది. అది డీజిల్ ట్యాంకులో పడినా, డీజిల్ కారులో పెట్రోలు పోసినా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా అక్కడికక్కడే బండి తోయించి పక్కన పెట్టండి. స్టార్ట్ చేయకపోతే ట్యాంకు ఖాళీ చేయడంతో పోతుంది. చేస్తే పంపు, ఇంజెక్టర్లు పోతాయి.

బీమా కాగితం అక్కడే చదవండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) బీమా మూడేళ్లకు తీసుకోవాలి. సొంత బండికి జరిగే నష్టానికి మాత్రం చాలా పాలసీల్లో ఏడాదే. మూడేళ్లూ బీమా ఉందనుకుని రెండో ఏడాది గుద్దుకున్నాక కళ్లు తెరిచేవారు ఎందరో. రెండు తేదీలనూ వేర్వేరుగా ఫోన్‌లో పెట్టుకోండి. బీమా షోరూమ్‌లోనే కట్టాలన్న నియమమేదీ లేదు. నీరు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్షన్ ఉందో లేదో తప్పక చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది బండ్లు మునిగినప్పుడు దాని విలువ మన ఊరికి బాగా తెలిసింది. నీట మునిగిన కారును స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా కుదించుకోదు, పైకి వచ్చే పిస్టన్‌ను ఆపేస్తుంది, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీటి వల్ల వచ్చిన నష్టం వేరు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం వేరు అని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించేదీ ఇక్కడే. నీటి మట్టం కనిపించేలా ఫొటో తీసి, బీమా వారికి చెప్పి, వర్క్‌షాపుకి ఎత్తించుకెళ్లాలి.

మరో మాట, కొంచెం కష్టంగా అనిపించినా చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీద ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ అని ముద్రించిన చోట వినాయకుడి విగ్రహం అంటించకండి. గుద్దుకున్నప్పుడు ఆ మూత రెప్పపాటులో పేలినట్టు తెరుచుకుంటుంది, విగ్రహం ఆ సీట్లో కూర్చున్నవారి ముఖానికి తగులుతుంది. స్వామిని మధ్యలో చిన్న పటంగా పెట్టుకోవచ్చు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉంటే దాన్ని కప్పేసే సీటు కవర్లు వేయించకండి, కుట్టు చిట్లే వీలున్నవే అడగండి. బంపరు ముందు ఇనుప గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్రం కాదంది, వేస్తే గుద్దుకున్న దెబ్బను ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు సరిగా పోల్చుకోలేకపోవచ్చు. వెనక్కి చూసే పసిపిల్లల సీటును ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. వెనుక సీట్లో ఐసోఫిక్స్ అనే, పిల్లల సీటు బిగించే కొక్కేలకు మీ పిల్లల సీటునే తెచ్చి, క్లిక్‌మనేవరకూ తగిలించి చూడండి. పూజలో పసుపు, కుంకుమ బొట్లు అద్దం మధ్యలోని కెమెరా ఎదురుగానూ, బంపరు సెన్సార్ల మీదా పెట్టించకండి.

కాగితాల విషయం త్వరగానే తేలుతుంది. ఇన్‌వాయిస్‌లోని 17 అక్షరాల ఛాసిస్ నంబరును బండి మీది నంబరుతో పోల్చండి. టైరు మీది నాలుగంకెలు, ఉదాహరణకు 2325 అంటే 2025లో 23వ వారం తయారైనదని. స్టెప్నీకీ చూడండి. రెండు తాళాలూ అడిగి తీసుకోండి. ఫాస్టాగ్ తరచూ ఛాసిస్ నంబరు మీద ఇస్తారు, బండి కొన్న 90 రోజుల్లోపు అందులో రిజిస్ట్రేషన్ నంబరు చేర్పించకపోతే టోల్‌గేటు దగ్గర ఆగిపోతుంది.

చివరగా షోరూమ్ యాజమాన్యాలకు ఒక విన్నపం. అన్నీ వివరించాం అని రాసి ఉన్న చెక్‌లిస్టు మీద ముందే సంతకం తీసుకోవద్దు. కొనేవారు కూడా చక్రం ఒకసారి ఊడదీసి బిగించేవరకు ఆ గడిలో టిక్ పెట్టవద్దు. మొదటి సర్వీసుకు వచ్చినప్పుడు మరో అరగంట కేటాయించండి. నెల రోజులు నడిపాక అడిగే ప్రశ్నలు డెలివరీ రోజు ఎవరికీ తట్టవు. వర్క్‌షాపు ఆవరణలో నెలకో ఉదయం అయిదారుగురు యజమానులను పిలిచి, ఒక పాత బండి మీద స్టెప్నీ మార్పించి, జంప్ స్టార్ట్ (డౌన్ అయిన బ్యాటరీ ఉన్న బండిని మరో బండి బ్యాటరీతో స్టార్ట్ చేయడం) చేయించండి. ఎర్ర తీగ ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరి కొస డౌన్ అయిన బండిలో బ్యాటరీకి దూరంగా రంగు లేని ఇనుముకి. ఆ పిలుపులో బిల్లు ఎవరి పేరున ఉందో వారినే కాక, రోజూ ఆ బండి నడిపే ఇల్లాలినీ, జీతానికి నడిపే డ్రైవర్‌నూ పిలవండి.

ఇట్లు,
కొందరు కారు మెకానిక్‌లు,
ఆటోనగర్, విజయవాడ.